గోళ్ళరంగు గీత

ఇంటి వెనక రేకుల షెడ్డు, స్టాండుకి తగిలించిన మౌంటెన్ బైక్. పొద్దున్న ఏడు దాటింది, పదింటికి కొండ మీద పోటీ. ముక్కాలిపీట మీద నాన్న, పానాల పెట్టె పక్కన పదహారేళ్ళ పిట్ట. ఆ పేరు నాన్న పెట్టిందే. ముద్దు చెయ్యడానికీ తిట్టడానికీ కూడా ఆయనకి అదొక్కటే సరిపోతుంది.

"మళ్ళీ చెప్పు."

"ఏది నాన్నా?"

"ఇప్పుడు గొణిగావే, అది. సీటు బోల్టు ఎంత?"

"ఐదు."

"ఐదంటే? ఐదు కిలోల ఉల్లిపాయలా?"

"రెంచి మీద ఐదు. కొలత ఐదు మీద పెట్టి తిప్పాలి. అక్కడికి రాగానే రెంచి టిక్ అంటుంది. అన్నాక ఇంక తిప్పకూడదు."

"టిక్ అందా?"

"అంది. నువ్వూ విన్నావుగా."

"నేను విన్నది నాకు తెలుసు. నువ్వు విన్నది చెప్పు."

"అంది నాన్నా."

"గీత?"

"ఇదిగో. బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదకి. ఒకటే గీత."

"వంకరగా ఉంది."

"గోళ్ళరంగు గట్టిపడిపోయింది. సీసా అడుగుకొచ్చింది."

"రంగు మీద పడి ఏడవకు. మీ అమ్మ గోళ్ళకి వేసుకున్నప్పుడు వంకర పోయిందా? గీత ఎందుకు గీస్తాం?"

"బోల్టు ఏ కాస్త తిరిగినా గీత రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది. అప్పుడు వదులైందని తెలుస్తుంది."

"ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వే."

"నాకెవరు నేర్పారు?"

"మీ లిఫ్టుల మేస్త్రి."

"ఆఁ. ఇరవై రెండేళ్ళ నుంచి లిఫ్టులు బిగిస్తున్నాను. ఒక్క పెట్టె జారలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎనిమిదేసి మంది పొట్టలేసుకుని ఎక్కుతారు. కాళ్ళ కింద ఏముందో ఒక్కడూ వంగి చూడడు. ఎందుకు?"

"నువ్వు గీత గీశావు కాబట్టి."

"వెటకారమా?"

"కాదు. రోజూ నువ్వు చెప్పేదే చెప్పాను."

"గీత గీశామంటే సంతకం పెట్టినట్టు. అది చెప్పలేదు నువ్వు."

"గీశామంటే సంతకం పెట్టినట్టు."

"చిలక పలుకులు. తర్వాత?"

"వెనక బ్రేకు డిస్కు. ఆరు బోల్టులు."

"వరసగా బిగించావా?"

"లేదు. ఒకటి, దాని ఎదురుది, మళ్ళీ పక్కది, దాని ఎదురుది. కొంచెం కొంచెంగా."

"నిజంగానా? లేకపోతే మొన్నటి బ్రేకులాగానా?"

"మొన్నది బ్రేకు కాదు నాన్నా. బ్రేకు పిడి. హ్యాండిల్ మీద తిరిగిపోయింది."

"ఓహో, పిడా! తప్పయిపోయింది మహారాణీ. పిడి! రెండో మలుపు దగ్గర మా ఆఫీసు వాళ్ళంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. 'ఇప్పుడొస్తుంది మా పిట్ట, చూడండి ఎలా దిగుతుందో' అని నేను చెప్తున్నాను. చూస్తే నువ్వు దారి పక్కన ఆగిపోయి, చంటిపిల్ల గిలక్కాయ ఆడించినట్టు ఆ పిడి పట్టుకుని ఆడిస్తున్నావు."

"బిగించడం మర్చిపోయానని చెప్పానుగా."

"చెప్పావు. దానికి ముందు సీటు."

"అదీ మర్చిపోయాను."

"మొదటి మలుపులోనే సీటు జారి కిందికి దిగిపోయింది. మోకాళ్ళు గడ్డానికి కొట్టుకుంటూ వచ్చావు, మూడు చక్రాల బండి తొక్కే పాపలాగా. ఆఖరి నుంచి రెండో దానివి."

"ఆ ఆఖరి అమ్మాయి అసలు దిగనేలేదు నాన్నా. దూకాల్సిన ఆ పెద్ద రాతిగుండు అంచు దాకా వచ్చి, చూసి, సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది."

"వాళ్ళ నాన్న ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. జ్యూసు కొనిపెట్టాడు."

"అదీ వాళ్ళ బతుకు. డిస్కు అయిందా?"

"నాన్నా, నేనివాళ వద్దంటే..."

"ఏం వద్దంటే?"

"ఏం లేదు."

"ఏదో అన్నావు."

"డిస్కు అయిందన్నాను."

"నీళ్ళు నమలకు. టిక్కులు ఆరు విన్నాను, గీతలు ఐదే కనిపిస్తున్నాయి."

"ఆరోది ఇదిగో, కిందున్నది. చక్రం తిప్పితే కనిపిస్తుంది."

"తిప్పు. ఊఁ. ఉంది. చూశావా, అడిగితే ఉంటుంది. అడగకపోతే ఉండదు. ఏమిటో ఈ రోగం! నాకు లేదు, మా నాన్నకి లేదు. మీ అన్న దగ్గర మొదలైంది, నీకు అంటుకుంది."

"అన్నయ్య సంగతి ఎందుకిప్పుడు?"

"ఎందుకేంటి? మతిమరుపు మహారాజుగారి సంగతి ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. మూడేళ్ళయింది. పోటీ రోజు పొద్దున్న ఇదే షెడ్డు, ఇదే స్టాండు. హ్యాండిల్ బిగించడం మర్చిపోయాడు! పొద్దున్నే మొహం కడుక్కోవడం మర్చిపోయినట్టు! సరిగ్గా గుండు మీద గాల్లో ఉండగా హ్యాండిల్ గిర్రున తిరిగింది."

"తెలుసు నాన్నా. నేనక్కడే ఉన్నాను."

"ఉన్నావు, అరిచావు. ఏడు స్క్రూలు పట్టాయి మోకాలికి. డాక్టరు ఎక్స్‌రే చూపించాడు నాకు. ఏం దింపాడు! ఏడూ ఒకే వరస, ఒకే లోతు. మీ అన్న జన్మలో అంత నీటుగా ఒక్క బోల్టు బిగించలేదు."

"చలి రోజుల్లో ఇప్పటికీ నొప్పి వస్తోందట అన్నయ్యకి."

"రానీ. అదైనా గుర్తుంటుంది."

"నాన్నా!"

"ఏం? అబద్ధమా? సినిమాహాల్లో టికెట్లు చింపుకుంటున్నాడు ఇప్పుడు. ఆ పనికి పానాలక్కర్లేదు, మతీ అక్కర్లేదు. సరే, పెడల్స్."

"పెడల్స్ రాత్రే బిగించాను. నువ్వు చూశావు."

"ఇరుసులు?"

"రెండూ అయ్యాయి. ఇవిగో గీతలు. నాన్నా, ఈసారి గుండు పక్కనున్న దారి మూసేశారట."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ముయ్యమని కమిటీకి కాగితం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. సగం మంది పక్కదారిన చల్లగా జారుకుంటుంటే అది పోటీయా, పిక్నిక్కా?"

"అంటే అందరూ గుండు మీంచే దూకాలి."

"దూకాలి. దూకితే అరిగిపోతారా?"

"అది నా ఎత్తుకి రెండింతలుంది."

"పక్కన నిలబడి కొలిచావా?"

"కొలిచాను. పోయిన వారం ప్రాక్టీసుకని చెప్పి వెళ్ళింది అందుకే. కింద అన్నయ్య పడ్డ చోట రాళ్ళు అలాగే ఉన్నాయి."

"రాళ్ళు లేచి నడిచిపోతాయా మరి?"

"నువ్వెప్పుడైనా దిగావా నాన్నా, దాని మీంచి?"

"నేనెందుకు దిగుతాను? నేను బిగించేవాణ్ణి."

"ఒక్కసారైనా పైన నిలబడి చూశావా?"

"నోరు లేస్తోందే! లిఫ్టు బిగించినవాడు రోజంతా అందులో ఊరేగాలా? చాలుగానీ, ఇంక హ్యాండిల్. ఎప్పుడూ ఆఖరున. పోటీ మొదలయ్యే గేటు దగ్గర ఏం చూస్తారు?"

"హ్యాండిల్ ఒక్కటే. ఎర్ర టోపీ పెద్దాయన ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, హ్యాండిల్ని రెండు చేతులా కిందికి నొక్కి చూస్తాడు. తిరిగితే పంపడు. ఆ రోజుకి అంతే, వెనక్కి వెళ్ళిపోవాలి."

"ఎప్పటి నుంచి చూస్తున్నారు?"

"అన్నయ్య పడ్డాక."

"అంత గొప్ప పేరు తెచ్చాడు మనింటికి! ఊఁ, నేను టైర్లలో గాలి చూస్తుంటాను. నువ్వు ఒక్కొక్కటీ వినబడేలా చెప్తూ బిగించు. హ్యాండిల్ని పట్టుకునే బిళ్ళకి ఎన్ని?"

"నాలుగు. మూలకొకటి."

"ఎలా?"

"పైన ఎడమది, కింద కుడిది. పైన కుడిది, కింద ఎడమది. బిళ్ళకి పైనా కిందా సందు సమానంగా ఉండాలి."

"కానియ్."

"ఒకటి."

"టిక్ అంది. తర్వాత?"

"రెండు."

"ఆగు. ఏంటి, అంత తొందరగా పలికింది?"

"ముందే అలెన్ కీతో చాలావరకు బిగించి పెట్టుకున్నాను."

"ఊఁ."

"మూడు."

"ఈ పంపు వాషర్ కూడా పోయినట్టుంది. ఎవడూ నూనె వెయ్యడు ఈ ఇంట్లో. ఊఁ?"

"నాలుగు. అయిపోయింది."

"గీతలు?"

"గీస్తున్నాను."

"రెంచి?"

"సున్నాకి తిప్పి పెట్టెలో పెట్టేశాను."

"అప్పుడేనా?"

"పని కాగానే సున్నాకి తిప్పమని నువ్వే చెప్పావుగా. లేకపోతే లోపల స్ప్రింగు అలసిపోతుందని."

"చెప్పాను, చెప్పాను. ఇది మాత్రం భలే గుర్తుంది."

"ఏమండీ, అయిందా? పాలు రెండుసార్లు వేడి చేశాను. పిల్ల పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"వచ్చిందమ్మా మీ అమ్మ! కడుపు నిండా తాగి గుండు మీంచి దూకితే కక్కుకుంటుంది. వద్దు."

"రాత్రంతా పక్క మీద దొర్లుతూనే ఉందండీ. కళ్ళు చూడండి, ఎలా పీక్కుపోయాయో. ఈ ఒక్కసారికి..."

"ఈ ఒక్కసారికి ఏంటి?"

"ఏం లేదు. ఆ గోళ్ళరంగు సీసా ఇటివ్వండి, ఏమైనా మిగిలిందేమో. పెళ్ళిరోజుకని కొనుక్కున్నాను, ఒక్క చేతికే వేసుకున్నాను. రెండో చెయ్యి మీ బోల్టులకి పోయింది."

"తీసుకో. ఇంకేంటి, అలా నిలబడ్డావు?"

"పెద్దాడు ఫోన్ చేశాడు."

"ఎందుకట? టికెట్లు చింపడం ఎలాగో మర్చిపోయాడా?"

"ఇవాళ పోటీ అని తెలిసిందట. పక్కదారి మూసేశారని కూడా తెలిసింది. మీకో మాట చెప్పమన్నాడు."

"నాకా? మూడేళ్ళు నోరు పెగల్లేదు, ఇప్పుడు మాట కూడానా!"

"చెల్లెలి హ్యాండిల్ రెండోసారి కూడా చూడమని చెప్పమన్నాడు. దాని మాట మీద వదిలెయ్యకుండా, మీ చేత్తో మీరే పట్టి చూడమన్నాడు."

"వాడా! వాడు నాకు చెప్పేది? హ్యాండిల్ సంగతి?"

"నా మీద అరుస్తారేం? నేను కాదు, వాడన్నాడు. నాన్నకి అర్థమవుతుందిలే అని కూడా అన్నాడు. అర్థమైందా మీకు?"

"కారు తాళాలు ఎక్కడున్నాయో చూడు, ఫో."

"పాలు..."

"పొమ్మన్నానా!"

"వెళ్తున్నాను. వెళ్తున్నానమ్మా."

"పిట్టా."

"ఊఁ."

"సైకిలు స్టాండు మీంచి దించు."

"ఎందుకు? అన్నీ అయ్యాయిగా."

"మీ అన్న ముచ్చట పడ్డాడుగా, రెండోసారి చూడమని. వాడి ముచ్చట తీరుద్దాం."

"గేటు దగ్గర ఎలాగూ చూస్తారు నాన్నా. ఆలస్యమైపోతుంది."

"గేటు దగ్గర చూసేది ఊరి కోసం. ఇది నా కోసం. ముందు చక్రం మోకాళ్ళ మధ్య పెట్టుకుని పట్టుకో. గట్టిగా. కదిలిందో చూడు. ఊఁ... ఇదేంటి?"

"ఏది?"

"ఇది. నా చేతి కింద తిరుగుతోందేంటి?"

"తిరగలేదు."

"కళ్ళు తెరిచి చూడు. ఇదిగో. ఇదిగో మళ్ళీ."

"కొంచెం."

"కొంచెమా! పాలు తాగే పిల్లాడు పట్టి లాగినా తిరుగుతుంది. నాలుగు టిక్కులు విన్నాను. నాలుగు గీతలున్నాయి, ముగ్గు వేసినట్టు. హ్యాండిల్ ఎలా తిరుగుతోంది?"

"తెలీదు."

"తెలీదు. గీత గీసింది ఎవరు?"

"నేనే."

"నువ్వే. మరెవరికి తెలుస్తుంది? పక్కింటివాళ్ళకా?"

"రెంచి పాడైందేమో నాన్నా."

"పాడైందా? పాపం. పట్రా ఇటు, రోగం చూద్దాం. ఇదిగో, ఐదు మీద పెట్టాను. సీటు బోల్టు... టిక్. కదలకుండా పలికింది. అంటే సీటు ఐదు దగ్గరే ఉంది. రెంచికి జ్వరం లేదు. అవునా, కాదా?"

"అవును."

"ఇప్పుడు రెండు మీద పెడుతున్నాను. చూస్తున్నావుగా, రెండు. హ్యాండిల్ బిళ్ళ, పైన ఎడమది. టిక్! కింద కుడిది. టిక్! మూడోది. టిక్! నాలుగోది చెప్పు నువ్వే, ఏమంటుందో?"

"నాన్నా, చాలు."

"టిక్! ఇప్పుడు మూడు మీద పెడతాను. చూడు, బోల్టు తిరిగిపోతోంది, నీ గీత విరిగిపోయింది. నాలుగూ రెండు దగ్గరే ఆగాయి. ఒక్కటి మూడు లేదు, ఒక్కటి ఒకటిన్నర లేదు. మర్చిపోయేవాడు ఒక బోల్టు మర్చిపోతాడు. మరీ వెధవైతే రెండు మర్చిపోతాడు. నాలుగు బోల్టుల్ని ఒకే కొలత దగ్గర మర్చిపోయేవాడు ఈ భూమ్మీద లేడు. ఏడవకు. ఏడిస్తే రంగు అంటుకుంటుంది మొహానికి, తుడుచుకోకు ఆ చేత్తో."

"నాన్నా, నాకు..."

"సరే. వదిలెయ్. మర్చిపోయావు."

"ఏంటి?"

"మర్చిపోయావన్నాను. హ్యాండిల్ బిగించడం మర్చిపోయావు. మీ అమ్మకి అదే చెప్తాను, మా ఆఫీసులో కూడా అదే చెప్తాను, నవ్వుకుంటారు, అయిపోతుంది. నువ్వూ అదే చెప్పు."

"నువ్వే కదా ఇప్పుడు అలా మర్చిపోయేవాడు లేడన్నావు?"

"అన్నాను. ఇప్పుడు మర్చిపోయావంటున్నాను. అను."

"లేదు."

"ఏంటి లేదు?"

"మర్చిపోలేదు. రెంచి రెండు మీద పెట్టింది నేనే. నువ్వు గాలి కొడుతుంటే పెట్టాను."

"నోర్ముయ్."

"గేటు దగ్గర పెద్దాయన పట్టుకుంటాడని పెట్టాను. హ్యాండిల్ తిరిగితే పంపడుగా. నేను వద్దన్నట్టుండదు, నువ్వు పంపలేదన్నట్టూ ఉండదు. వెనక్కి వచ్చేయొచ్చు. నువ్వు దారంతా తిడతావు. తిట్టు, ఫర్వాలేదు."

"ఆ ముసలాయన ఇవాళ చూడకపోతే? వంద మంది ఉంటారు. సగం మందిని అలా పట్టీపట్టకుండా చూసి పంపేస్తాడు. అప్పుడేం చేసేదానివి?"

"చూడకపోతే గుండు దాకా వెళ్ళేదాన్ని కాదు. మొదటి మలుపులోనే పడిపోయేదాన్ని. అక్కడైతే మట్టే, రాళ్ళు లేవు. చూసుకునే వచ్చాను."

"సీటు?"

"కావాలనే."

"బ్రేకు పిడి?"

"అదీ కావాలనే. అప్పుడు పక్కదారి ఉంది, ఆలస్యమైతే ఇంక గుండు మీంచే దూకమని నువ్వు పట్టుపట్టేవాడివి కాదు. ఇవాళ పక్కదారి లేదు. నాకు భయం నాన్నా. ఆ అంచు తలుచుకుంటే అరచేతులు చెమట పట్టి హ్యాండిల్ జారిపోతోంది. చెప్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! నువ్వు సీటు ఎంత, డిస్కు ఎంత అంటావు."

"భయమంటే నేనేం చెయ్యను? దానికేమైనా కొలత ఉందా, ఇంతని బిగించడానికి?"

"పంపకపోతే చాలు."

"మా ఆఫీసు నుంచి ఎంత మంది వస్తున్నారో తెలుసా? మా పెద్ద మేస్త్రి వస్తున్నాడు, రిటైరైపోయినాయన, కర్ర పట్టుకుని కొండెక్కుతానన్నాడు నీ కోసం. ఆయనకేం చెప్పమంటావు? నా కూతురు నా పోటీకి పోలేక నా గీత కింద దొంగ బోల్టు పెట్టిందని చెప్పనా? ఇరవై రెండేళ్ళు గీత గీసిన చెయ్యి ఇది!"

"భయపడిందని చెప్పు. అంతేగా. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న జ్యూసు కొనిపెట్టాడు. నాకది కూడా వద్దు."

"తాళాలు ఫ్రిజ్ మీదే ఉన్నాయండీ, ఇల్లంతా వెతికాను. అయ్యో, ఏంటి? దాని మొహం ఏంటి అలా ఉంది?"

"ఏం లేదు. హ్యాండిల్ బిగించడం మర్చిపోయిందట."

"అమ్మా, మర్చిపోలేదు."

"మర్చిపోయింది."

"కావాలనే వదిలానమ్మా. నేను దిగలేను. నాకు చచ్చేంత భయంగా ఉంది. నాన్నకి చెప్పు, నన్ను పంపొద్దని చెప్పు. నీ మాట వింటాడు. అమ్మా!"

"ఊరుకో తల్లీ. ఊరుకో. మర్చిపోయావు."

"లేదమ్మా, నేను..."

"మర్చిపోయావు. పొద్దున్నే లేచావు, నిద్ర చాల్లేదు, కడుపులో ఏమీ లేదు. ఇన్ని బోల్టులు ఎవరికి గుర్తుంటాయి? మర్చిపోయావు."

"నాలుగు బోల్టులమ్మా! నాలుగూ రెండు మీదే పెట్టాను. నాన్న రెంచి పెట్టి చూశాడు."

"నాలుగైతే ఏం? మీ అన్నయ్యవీ నాలుగే."

"అన్నయ్యవి..."

"నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. వాడు మర్చిపోలేదూ?"

"అమ్మా, అలా నాలుగూ మర్చిపోయేవాడు భూమ్మీద లేడని నాన్న ఇప్పుడే అన్నాడు. ఆయన్నేం చూస్తావమ్మా, నన్ను చూసి చెప్పు. అన్నయ్య మర్చిపోయాడా?"

"ఏమండీ, మీరు చెప్పండి దానికి. నా వల్ల కాదు."

"చెప్పు నాన్నా. మూడేళ్ళుగా మతిమరుపు, మతిమరుపు అని, అందరి ముందూ... నేనూ అన్నాను, నవ్వాను కూడా. మర్చిపోయాడా అన్నయ్య?"

"ఆస్పత్రిలో కళ్ళు తెరవగానే వాడూ ఇదే కూశాడు, కావాలనే వదిలాను నాన్నా, భయమేసింది నాన్నా అని. మర్చిపోయానని అనడానికి ఆ మంచం మీద వాడికి రెండు రోజులు పట్టింది. నీకు పదింటి దాకా టైముంది. రెంచి ఐదు మీద పెట్టు."